చెవి సంగతీ చెప్పండి!

ఎ.కొండూరు పేరు పేపర్లో కనిపించిందంటే అది కిడ్నీల గురించే అయి ఉంటుంది. ఎన్టీఆర్‌ జిల్లా తిరువూరు ప్రాంతంలోని ఈ మండలంలో, ముఖ్యంగా లంబాడీ తండాల్లో, మూత్రపిండాల జబ్బు ఏళ్ల తరబడి కుటుంబాలను కుంగదీస్తోంది. క్రియాటినిన్‌, డయాలసిస్‌ అన్న మాటలు అక్కడివారికి కొత్త కాదు. చెవి ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. కిడ్నీలే పాడైపోతుంటే చెవులదేముందిలే అనిపించడం సహజం. కానీ ఈ రెండింటికీ దగ్గరి చుట్టరికమే ఉంది.

ఇక్కడా అక్కడా అదే పని

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే భాగం పేరు కాక్లియా. దాన్నిండా ద్రవం ఉంటుంది. ఆ ద్రవంలో సోడియం, పొటాషియం పాళ్లు తప్పకుండా ఉంటేనే శబ్దం సంకేతంగా మారి మెదడుకు చేరుతుంది. ఆ పాళ్లు చూసుకునేది రక్తనాళాలు అల్లుకున్న ఓ సన్నని పొర. ఒంట్లో లవణాల లెక్క చూసే కిడ్నీదీ ఇలాంటి పనే. అందుకే ఒకదాన్ని దెబ్బతీసేవి కొన్ని రెండోదాన్నీ వదలవు. కిడ్నీ జబ్బు, వినికిడి లోపం కలిసి వంశంలో వచ్చే ఓ వ్యాధిని సెసిల్‌ ఆల్‌పోర్ట్‌ అనే వైద్యుడు 1927లోనే వివరించాడు. ఆయన పేరుతోనే దాన్ని ఆల్‌పోర్ట్‌ సిండ్రోమ్‌ అంటున్నారు.

వంశంలో లేకపోయినా ముప్పు ఉంది. ఆస్ట్రేలియాలో యాభై ఏళ్లు దాటినవారిని పరిశీలించి 2010లో ఫలితాలు ప్రకటించారు. ఓ మోస్తరు కిడ్నీ జబ్బున్న వారిలో 54 శాతం మందికి వినికిడి ఎంతోకొంత తగ్గి ఉంది. ఆ జబ్బు లేనివారిలో అది 28 శాతమే. కిడ్నీ జబ్బున్న ప్రతివారికీ చెవుడు వస్తుందని దీని అర్థం కాదు. చెవినీ ఓ కంట కనిపెట్టాలని మాత్రం అర్థం.

మందుతోనూ జాగ్రత్త

జెంటామైసిన్‌, అమికాసిన్‌, స్ట్రెప్టోమైసిన్‌... ప్రాణాలు నిలిపే ఇంజెక్షన్లే. ఇవి ఒంట్లోంచి బయటికి పోయేది కిడ్నీల ద్వారా. అవి సరిగా పనిచేయకపోతే మందు లోపలే ఉండిపోయి, కాక్లియాలోని సున్నితమైన రోమకణాలను చంపేస్తుంది. ఒకసారి పోయిన ఆ కణాలు మళ్లీ పుట్టవు. మూత్రం బాగా రావడానికిచ్చే ఫ్యూరోసెమైడ్‌ కూడా పెద్ద మోతాదులో నరానికి ఎక్కిస్తే వినికిడికి ఇబ్బంది రావచ్చు. అలాగని సొంతంగా మందు ఆపేయకూడదు. మోతాదు సరిచూడాల్సింది డాక్టరే. 'నాకు కిడ్నీ జబ్బుంది' అని సూది వేసే ప్రతివారికీ ముందే చెప్పడం మాత్రం మన పని.

పొలం పని చేసి ఒళ్లు నొప్పులని రోజూ మింగే నొప్పి మాత్రలూ ఈ కోవలోవే. వాటితో కిడ్నీలకు హాని. ఆస్పిరిన్‌ మోతాదు మించితే చెవుల్లో హోరు కూడా మొదలవుతుంది.

సగం వింటే ఎలా?

వినికిడి తగ్గితే పోయేది కబుర్లు మాత్రమే కాదు. నీళ్లు రోజుకెన్ని తాగాలి, ఏ బిళ్ల పూటకెన్ని, మళ్లీ డయాలసిస్‌ ఎప్పుడు... కిడ్నీ రోగి బతుకంతా ఇలా చెవిన పడే మాటల మీదే నడుస్తుంది. డయాలసిస్‌ గదిలో యంత్రాల చప్పుడు. మాస్కు వెనక పెదాలు కనబడవు. పైగా ఇంట్లో లంబాడీ మాట్లాడే పెద్దావిడకు డాక్టరు చెప్పేది తెలుగులో. సొంత భాషైతే వినబడని ముక్కను ఊహతో పూరించుకోవచ్చు. పరాయి భాషలో ఆ ఆసరా కూడా తగ్గిపోతుంది. ఆమె తలూపితే అర్థమైందని అందరూ అనుకుంటారు!

అందుకే డాక్టరు దగ్గరికి తోడెళ్లినవారు మందుల వివరాలు కాగితం మీద రాయించుకోవాలి. విన్నది మళ్లీ చెప్పమని రోగిని అడగాలి. అరిస్తే లాభం లేదు, మాట ఇంకా చెదిరిపోతుంది. ఎదురుగా కూర్చుని, ముఖం మీద వెలుతురు పడేలా చూసుకుని, నిదానంగా మాట్లాడితే చాలు. అన్నిటికన్నా ముందు, 'చెవిటిమేళం' అని ఎగతాళి చేయడం మానాలి. నలుగురిలోకి రాకుండా మూల కూర్చునేలా చేసేది ఆ మాటే.

ఎప్పుడు వెళ్లాలి?

టీవీ శబ్దం రోజురోజుకీ పెంచుతున్నా, ఎదుటివారిని పదే పదే 'ఆఁ?' అంటున్నా, చెవిలో హోరు వస్తున్నా వినికిడి పరీక్ష చేయించాలి. ఉన్నట్టుండి ఒక చెవి వినబడకపోతే గుబిలి అడ్డుపడిందిలే అని ఊరుకోకుండా రెండు మూడు రోజుల్లోపే ఈఎన్‌టీ డాక్టరును కలవాలి. ఆలస్యమైతే పోయింది తిరిగిరాకపోవచ్చు. చెవిలో పిన్నీసు, అగ్గిపుల్ల, కాచిన నూనె... ఏదీ వద్దు. చీము కారుతుంటే అసలే వద్దు.

చప్పుడు సంగతీ చూసుకోవాలి. 85 డెసిబెల్స్‌ శబ్దంలో ఎనిమిది గంటలు ఉండటం ఎంతో, వంద డెసిబెల్స్‌లో పావుగంట ఉండటం అంత. పెళ్లి ఊరేగింపులో డీజే పెట్టెల పక్కన పిల్లల్ని నిలబెట్టే ముందు ఈ లెక్క గుర్తు చేసుకోవాలి.

మిషను ఖరీదని వెనకాడే వారికి కేంద్ర ప్రభుత్వ ఎడిప్‌ పథకం ఉంది. 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉండి, ఆదాయం పరిమితిలోపు ఉంటే దాని కింద వినికిడి యంత్రం పొందవచ్చు. పెట్టుకున్న మొదటి రోజుల్లో గిన్నెల చప్పుడు కూడా ఉరుములా వినిపిస్తుంది. విసుగొచ్చి పెట్టెలో దాచేయకండి. రోజుకు కొంతసేపు చొప్పున పెంచుకుంటూ పోతే కొన్ని వారాల్లో మెదడు అలవాటుపడుతుంది.

కిడ్నీకి రక్తపరీక్ష రాయించుకునే రోజే 'చెవులు కూడా చూడండి డాక్టరుగారూ' అని అడిగితే, వచ్చేసారి ఆయన చెప్పేదైనా పూర్తిగా వినబడుతుంది.