వలదనుటకును సంతకము వలయును

స్వాధీనపు దావాలో ఓడిపోయిన యొక వృద్ధురాలి పక్షమున అప్పీలు చేయుటకై తీర్పు నకలు కోరి యిటీవల దరఖాస్తు పెట్టితిమి. రుసుము వెంటనే చెల్లించితిమి. నకలు చేతికి వచ్చుటకు 18 దినములు పట్టినది. నకళ్ల శాఖ గుమాస్తాయందు సోమరితనము లేదు. ఆయన కంప్యూటరు పనికి సిద్ధమగుటకే అరగంట పట్టును; అచ్చుయంత్రము పది కాగితములలో నాలుగింటిని నలిపివేయును. "క్రొత్తది కావలయునని మూడుమారులు వ్రాసితిమండీ, అవుననియు లేదు, కాదనియు లేదు" అని ఆయన చెప్పెను.

నకలు పొందుటకు పట్టిన కాలమును అప్పీలు గడువునుండి 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము, 12వ సెక్షను మినహాయించుచున్నది. కనుక గడువు చెడలేదు. కాని అప్పీలు దాఖలైనంత మాత్రమున డిక్రీ అమలు నిలిచిపోదని సివిలు ప్రొసీజరు కోడు, 41వ ఆర్డరు, 5వ రూలు స్పష్టముగా చెప్పుచున్నది. స్టే ఉత్తరువు వేరుగా పొందవలయును. చట్టము గడువును కాపాడినది గాని యింటిని కాపాడలేదు.

ఇది యొక్క కచేరి కథ కాదు. చెన్నపట్టణమున బ్యాంకులలో, ఆసుపత్రులలో, కళాశాలలలో పనిచేయు మన పాఠకులలో పెక్కురకు ఇట్టి యనుభవమే యుండును. ధనాభావమే కారణమనుట పూర్తిగా నిజము కాదు. ఈ-కోర్టుల మూడవ దశకు కేంద్ర మంత్రివర్గము 2023లో 7,210 కోట్ల రూపాయల నామోదించినది. పైన కోట్లు మంజూరగుచుండ, క్రింద నొక అచ్చుయంత్రము మంజూరు కాకున్నది.

ఆటంక మెచ్చటనున్నది? పాత వస్తువు పనికిరాదని తేల్చునపుడు కారణములు వ్రాయవలయుననియు, అజాగ్రత్తవలన చెడినచో బాధ్యుని నిర్ణయింపవలయుననియు కేంద్రప్రభుత్వపు 2017 ఆర్థిక నియమావళి విధించుచున్నది. ప్రజాధనమునకు ఇట్టి కట్టుబాట్లు తగినవే. మార్చి నెలాఖరున నిధులు మురిగిపోవునని అక్కరలేని యంత్రములను కొని మూలబెట్టు కార్యాలయములును లేకపోలేదు. కాని కొన్నవానిని ఆడిటువారు ప్రశ్నింతురు. కొననీయక ఫైలును అట్టిపెట్టినవానిని ఎవ్వరును ప్రశ్నింపరు. వ్యర్థమైన గుమాస్తా గంటలకును, కక్షిదారు తిరుగుళ్లకును ఏ రిజిస్టరులోను పద్దు లేదు. పద్దు లేని నష్టమును పొదుపని పిలుచుచున్నాము.

యంత్రము ముసలిదగుట ఆకస్మికవిపత్తు కాదు. 2013 కంపెనీల చట్టము, రెండవ షెడ్యూలు, డెస్కుటాపు కంప్యూటరునకు ఉపయుక్త జీవితకాలము మూడేండ్లని లెక్కకట్టినది. మూడేండ్లకే పారవేయుమని దాని యర్థము కాదు. ఆ నియమము కచేరీలకు వర్తించునదియు కాదు. కాని ఆయుర్దాయమును ముందుగా ఊహింపవచ్చునని యది చూపుచున్నది. విండోసు 10కు సామాన్య భద్రతాసవరణలు 2025 అక్టోబరు 14తో ముగియునని తయారీదారులు ఏండ్ల ముందే ప్రకటించిరి. ఐనను, ఆ తేదీ గడచిన పిదపగాని ఇండెంటు వ్రాయని కార్యాలయములెన్ని లేవు? గోటితో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చుట యిదియే.

మేము కోరునది ప్రతివారికిని క్రొత్త యంత్రము కాదు. కొనిననాడే, దానిని మరల పరీక్షింపవలసిన సంవత్సరమును స్టాకు రిజిస్టరున వ్రాయవలయును. చిల్లర మరమ్మతులకు కార్యాలయాధిపతికే అధికార ముండవలయును. అన్నిటికంటె ముఖ్యముగా, ఇండెంటు అందిన 30 దినములలో దానిని మంజూరు చేయుటయో, నిరాకరించుటయో జరుగవలయును. నిరాకరించినచో కారణమును వ్రాసి, అధికారి తన పేరుతో సంతకము చేయవలయును. 2005 సమాచారహక్కు చట్టము క్రింద పౌరుని ప్రశ్నకు 30 దినములలో జవాబిచ్చుట సాధ్యమైనపుడు, తన కచేరిలోని గుమాస్తాకు జవాబిచ్చుట అసాధ్యమా? కొనుమనువాడు సంతకము చేయుచున్నాడు. వలదనువాడును చేయవలయును. మౌనమునకు సంతకము లేదు. కనుకనే అది యింత సుఖముగా వర్ధిల్లుచున్నది.

తుదకు నకలు వచ్చినది, స్టేయు లభించినది. ఆ వృద్ధురాలు తన యింటనే యున్నది. కాని అమీను ఏనాడు తలుపు తట్టునో యని ఆమె యెదురుచూచిన 18 దినములకు జవాబుదారి యెవరని విచారింపబోయిన, ఆ ఫైలుమీద ఒక్క పేరైనను లేదు.