భిలాయ్ పట్టాల నుంచి బస్తర్ అడవికి: తుపాకీ చోటు మారింది, జవాబుదారీ మాయమైంది

1992 జూలై 1న భిలాయ్ పవర్‌హౌస్ రైల్వే స్టేషన్ వద్ద పట్టాలపై బైఠాయించిన కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. 16 మంది కార్మికులు మరణించారు. ఉక్కు కర్మాగారం చుట్టూ వెలసిన ప్రైవేటు ఫ్యాక్టరీలలో పనిచేసే ఆ కార్మికులు అడిగినవి రెండే: తొలగించిన వారిని తిరిగి పనిలోకి తీసుకోవాలి, బతకడానికి సరిపడే వేతనం ఇవ్వాలి. వారి నాయకుడు శంకర్ గుహా నియోగి అంతకు తొమ్మిది నెలల ముందు అదే ఊరిలో నిద్రలో ఉండగా హత్యకు గురయ్యారు. 1977 జూన్ 2, 3 తేదీలలో, భిలాయ్ కొలిమికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరాలో, గని కార్మికులపై జరిగిన కాల్పులు 11 మందిని బలిగొన్నాయి.

ఆ తరువాత భిలాయ్ వీధులలో అంతటి కాల్పులు జరగలేదు. దీనినే సంస్కరణకు రుజువుగా చూపేవారు ఉన్నారు. పోలీసులు సంయమనం నేర్చుకున్నారని, ప్రజాస్వామ్యం పరిణతి చెందిందని వారి వాదన. అది సగం నిజం మాత్రమే. తుపాకీ నోరు మూసుకోలేదు. ఊరు విడిచి అడవికి వెళ్లింది.

పట్టణంలో జరిగే కాల్పులకు ఒక స్థలం, ఒక సమయం, సాక్షులు ఉంటారు. ఎవరు ఆదేశించారన్న ప్రశ్న పుడుతుంది. మృతులకు పేర్లు ఉంటాయి. ఏటా జూలై 1న భిలాయ్‌లో కార్మికులు ఆ పేర్లను స్మరించుకుంటారు. దల్లీ రాజహరా కార్మికులు తమ మృతుల స్మృతిలో షహీద్ ఆసుపత్రినే కట్టుకున్నారు. అటువంటి కాల్పులకు రాజకీయ మూల్యం కూడా ఉంటుంది. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో విద్యుత్ ఉద్యమకారులపై జరిగిన కాల్పులు ముగ్గురిని బలిగొన్నాయి. నాలుగేళ్ల తరువాత అధికారం మారినప్పుడు కొత్త ముఖ్యమంత్రి తొలి సంతకం ఉచిత విద్యుత్తుపైనే పడింది. ఈ మూల్యం చెల్లించవలసి రాకుండా రాజ్యం మూడు మార్గాలు కనిపెట్టింది.

మొదటిది, స్థలం. దల్లీ రాజహరా నిల్వలు తరిగిపోతున్నాయి కనుక భిలాయ్ కొలిమి ఇప్పుడు రావ్‌ఘాట్ కొండల వైపు చూస్తోంది. అక్కడికి వేసే రైలు మార్గానికి కేంద్ర సాయుధ బలగాల శిబిరాలు కాపలా కాస్తున్నాయి. ఇంకా దక్షిణాన సార్కెగూడలో 2012 జూన్ 28 రాత్రి జరిగిన కాల్పులలో మైనర్లతో సహా 17 మంది గ్రామస్థులు మరణించారు. అందరూ మావోయిస్టులేనన్నారు. అందుకు ఆధారం లేదని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ తేల్చింది. ఆ మాట లోకానికి తెలిసేసరికి 2019 వచ్చింది. ఏడేళ్లు మృతులు ‘నక్సలైట్లు’గానే మిగిలారు.

రెండవది, చేతులు. 2005లో మొదలైన సల్వాజుడుం ఆదివాసీ యువకుల చేతికే తుపాకీ ఇచ్చి, వారిని ప్రత్యేక పోలీసు అధికారులని పిలిచింది. నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనంతో ప్రాణాలు పణంగా పెట్టించింది. అది రాజ్యాంగ విరుద్ధమని జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల ధర్మాసనం 2011 జూలై 5న తీర్పు చెప్పింది. ఆ ఏడాదే రాష్ట్రం సహాయక సాయుధ బలగాల చట్టం తెచ్చి, అదే మనుషులకు కొత్త పేరు పెట్టుకుంది. 2025లో ఉపరాష్ట్రపతి ఎన్నికలో సుదర్శన్ రెడ్డి అభ్యర్థి కాగానే, ఆ తీర్పు లేకుంటే నక్సలిజం 2020 నాటికే అంతమయ్యేదని కేంద్ర హోంమంత్రి అమిత్ షా ఆరోపించారు. చట్టాన్ని పాటించమనడమే నేరంగా మారిందన్నమాట.

మూడవది, కాగితం. నియోగి సంఘంలో దశాబ్దాలు పనిచేసిన న్యాయవాది సుధా భరద్వాజ్‌ను 2018 ఆగస్టు 28న ఉపా చట్టం కింద అరెస్టు చేశారు. విచారణ మొదలు కాకుండానే మూడేళ్లకు పైగా నిర్బంధంలో గడిపి, 2021 డిసెంబరులో ఆమె బెయిలుపై బయటకు వచ్చారు. సిల్గేర్‌లో శిబిరం వద్దన్న జనంపై 2021 మే 17న కాల్పులు జరిగితే, ఆ ఉద్యమం నుంచి పుట్టిన మూల్‌వాసీ బచావో మంచ్‌ను 2024లో నిషేధించారు. కాల్పులను ప్రశ్నించేవారే లేకుండా చేసే కాల్పులు ఇవి.

ఈ విషయంలో పార్టీల తేడా వెదకడం వృథా. 1992లో రాష్ట్రాన్ని ఏలింది బీజేపీ. సల్వాజుడుం నాటి ప్రభుత్వం బీజేపీది, దాని సారథి మహేంద్ర కర్మ కాంగ్రెస్ నాయకుడు. సిల్గేర్ నాటికి గద్దెపై ఉన్నది కాంగ్రెస్.

మావోయిస్టులు హింస చేయలేదా అన్న ప్రశ్న రావలసిందే. 2010 ఏప్రిల్‌లో దంతెవాడలో 76 మంది జవాన్లను చంపారు. 2013 మేలో జీరంఘాటీలో కర్మనూ, ఇతర కాంగ్రెస్ నేతలనూ హతమార్చారు. ఆ హత్యలకు సమర్థన లేదు. కానీ ఆ హింస సార్కెగూడ మృతులను దోషులుగా మార్చదు. సాయుధుడికీ సామాన్యుడికీ తేడా చెప్పవలసింది దర్యాప్తు. ఆ దర్యాప్తునే రాజ్యం తప్పించుకుంటోంది.

గుంపును చెదరగొట్టే పేరుతో జరిగిన కాల్పులపై పోలీసులను విచారించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలని పాత నేర శిక్షాస్మృతి 132వ సెక్షన్ చెప్పేది. వలస చట్టాలను తుడిచేస్తామని ప్రకటించి తెచ్చిన కొత్త సంహితలో 151వ సెక్షన్ అదే మాట చెబుతోంది. అది అమలులోకి వచ్చిన తేదీ 2024 జూలై 1, భిలాయ్ కాల్పులకు సరిగ్గా 32 ఏళ్లు.

కోరవలసినవి కొత్తవేమీ కావు. పోలీసు చేతిలో జరిగే ప్రతి మరణంపై ఎఫ్ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు ఉండాలని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. అది బస్తర్‌లోనూ అమలు కావాలి. కమిషన్ నివేదికలు గడువులోగా శాసనసభ ముందుకు రావాలి. విచారణకు ప్రభుత్వ అనుమతి అన్న అడ్డుగోడ కూలాలి. ఇవి జరగనంత కాలం భిలాయ్ వీధుల ప్రశాంతతను పోలీసు సంస్కరణ ఖాతాలో రాయడం మోసమే అవుతుంది.