కిరీటమును, తాపీయును

1921వ సంవత్సరమున అట్లాంటిక్ సిటీ వర్తకులు, వేసవి గడచినను యాత్రికులు తరలిపోకుండుటకై, మిస్ అమెరికా సౌందర్యపోటీకి నాంది పలికిరి. స్నానపు దుస్తులతో పడతులను నడిపించి మార్కులు వేయు ఆచారమును 2018వ సంవత్సరమున గాని మానలేదు. అట్టి పోటీయందే 2022 డిసెంబరున అణుశక్తి యంత్రశాస్త్రము నభ్యసించుచుండిన గ్రేస్ స్టాంకీయు, 2024 జనవరిని వైమానికదళమున సెకండు లెఫ్టినెంటుగా నున్న మాడిసన్ మార్షును కిరీటధారిణులైరి. మగవారి పనులలో సుందరాంగులా యని మెచ్చుకొనుచునే ముక్కుపై వ్రేలిడుకొన్న వారెందరో!

మాకు వింతగొలుపునది ఆ వింతపాటే. అణుయంత్రమునకు గాని విమానమునకు గాని, తన్ను నడుపునది ఆడుచేయియా మగచేయియా యను విచారము లేదు. ఆ విచారము మనుష్యునికే. కిరీటము ఏడాది తిరుగగానే శిరస్సు మారును. నేర్చిన పని చేతిని విడువదు.

2025 మే నెలలో ప్రపంచసుందరి పోటీ మన హైదరాబాదుననే జరిగినది. ఆ నగరపు మేడలకు ఇటుకయు ఇసుకయు మోసిన స్త్రీలకు లెక్కలేదు. కాని తాపీ పట్టి గోడ కట్టు పనియు, మేస్త్రీ కూలియు నేటికిని దాదాపుగా పురుషులవే. బరువు మోయుటకు అడ్డురాని స్త్రీత్వము పనిముట్టు పట్టుటకు అడ్డువచ్చునా? సమానవేతన శాసనమును 1976లోనే చేసికొంటిమి. పనియే నేర్పనిచో సమానవేతనము కాగితముమీది మాటయే గదా! గుత్తదారులను, ప్రభుత్వమును మేము కోరునది ఒక్కటే: ముందు వారి చేతికి తాపీ నిండు. కిరీటముల మాట తరువాత.