పడదంటే పడదనే

పోయిన మాఘమాసంలో మా బంధువుల గృహప్రవేశం. పొద్దున్నే ఇడ్లీ, కొబ్బరి చట్నీ. మా చెల్లెలి కొడుక్కి తొమ్మిదేళ్ళు, వాడికి వేరుశెనగ పడదు. చెల్లెలు తనే వంటాయన దగ్గరికెళ్ళి, "బాబాయ్, చట్నీలో పల్లీలు పడ్డాయా?" అని అడిగింది. "లేదమ్మా, పచ్చికొబ్బరి, పుట్నాలపప్పు, అంతే" అన్నాడాయన. వాడు ఒకటిన్నర ఇడ్లీ తిన్నాడో లేదో పెదాలు బూరెల్లా ఉబ్బాయి. ఒళ్ళంతా దద్దుర్లు, గొంతులో గురగుర. కొత్తింట్లో దిష్టి తగిలిందని ఒకావిడ ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకొచ్చింది. మేం కారు తీశాం. ఆసుపత్రిలో తొడకి అడ్రినలిన్ ఇంజెక్షన్ పొడిచాక గాని వాడికి ఊపిరి సరిగా ఆడలేదు.

సాయంత్రం వంటాయన వచ్చి తల గోక్కుంటూ చెప్పాడు. "జనం ఎక్కువైపోయారమ్మా, చట్నీ చాలదేమోనని ఆఖర్లో ఒక్క గుప్పెడు వేశాను. గుప్పెడికే ఇంతవుద్దనుకోలేదు."

ఆయన అబద్ధం చెప్పలేదు. చెల్లెలు అడిగినప్పటికి నిజంగానే వెయ్యలేదు.

'పడదు' అన్న మాట మన భాషలో మరీ మెత్తనిది. వంకాయ పడదు. కొత్త ఊరి నీళ్ళు పడలేదు. తోటికోడళ్ళిద్దరికీ పడదు. అన్నిటికీ అదే మాట కాబట్టి, విన్నవాళ్ళకి కాస్త సర్దుకుంటే పోతుందనే అనిపిస్తుంది. "కొంచెం తింటే ఏం కాదు, అలవాటవుతుంది" అనే పెద్దవాళ్ళు ప్రతి పంక్తిలోనూ ఇద్దరుంటారు. గుళ్ళో పులిహోర వద్దంటే ప్రసాదాన్ని కాదన్నట్టు చూస్తారు, అందులో పల్లీలున్నాయని చెప్పినా సరే. పోనీ 'అలర్జీ' అందామా అంటే, దాన్ని దుమ్ముకీ, సోమవారానికీ, పక్కింటాయనకీ వాడేసి ఎప్పుడో పలచన చేసేశాం.

ఇంటి వంటకి చట్టం పెట్టలేం. పొట్లం కట్టి అమ్మేదానికి మాత్రం ఉంది. మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం గోధుమలాంటి గ్లూటెన్ ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలూ పీతలూ, వేరుశెనగ, జీడిపప్పు బాదం వంటివి, సోయా, ఒక మోతాదు దాటిన సల్ఫైట్లు ఉంటే ఆ సంగతి పొట్లం మీద విడిగా చెప్పాలి. పది చోట్లకి తక్కువ కాకుండా శాఖలున్న హోటళ్ళు కూడా 2022 జులై నుంచి చెప్పి తీరాలి. మూలమీది టిఫిన్ బండికీ, కర్రీ పాయింటుకీ ఆ బాధ లేదు. మనం ఎక్కువగా తినేది అక్కడే.

ఆ జాబితాలో నువ్వులు లేవు, ఆవాలు లేవు. యూరప్ జాబితాలో 14 పదార్థాలుంటే వాటిలో ఈ రెండూ ఉన్నాయి. ఆవకాయ సీసా యూరప్‌లో అమ్మాలంటే పదార్థాల పట్టికలో ఆవ అన్న మాట కొట్టొచ్చినట్టు కనబడాలి. ఆవకాయ పుట్టిన చోట అక్కర్లేదు. ఆవకాయలో ఆవ ఉంటుందని ఎవరికి తెలీదంటారా? సరే, చిప్స్ మీద చల్లిన మసాలా సంగతేమిటి? 'స్పైసెస్ అండ్ కాండిమెంట్స్' అని రాస్తే చాలు, దాని కింద ఏ దినుసైనా తలదాచుకోవచ్చు. జాబితాలో ఆవాలకి చోటు లేకపోయినా, పట్టికలో అక్షరాలు మాత్రం ఆవగింజంతే ఉంటాయి.

నువ్వుల సంగతి బ్రిటన్‌కి ఒక పిల్ల ప్రాణం పోయాక తెలిసొచ్చింది. 2016 జులైలో నటాషా ఎడ్నాన్-లపెరూజ్ అనే 15 ఏళ్ళ అమ్మాయి హీత్రూ విమానాశ్రయంలో ఒక బాగెట్ కొనుక్కుంది. నువ్వులు పడని పిల్ల కాబట్టి పైన రాసింది చూసుకునే కొన్నారు. నువ్వులు పైన కనబడేలా చల్లి లేవు, పిండిలోనే కలిసున్నాయి. అమ్మేచోటే తయారుచేసి చుట్టే వాటికి పూర్తి పట్టిక అక్కర్లేదని అప్పటి నియమం. విమానంలో ఆమెకి రెండు అడ్రినలిన్ పెన్నులు పొడిచినా లాభం లేకపోయింది. ఆమె పేరుతోనే పిలిచే చట్టం 2021 అక్టోబర్ 1 నుంచి అమల్లోకొచ్చింది. ఇప్పుడక్కడ అలాంటి పొట్లం మీద కూడా అన్నీ రాయాల్సిందే.

చట్టం రాగానే కథ కంచికి వెళ్తుందనుకుంటే అమెరికాని చూడాలి. అక్కడ 2023 జనవరి 1 నుంచి నువ్వుల్ని తొమ్మిదో అలర్జీ పదార్థంగా చేర్చారు. కొన్ని బేకరీ కంపెనీలు ఏం చేశాయంటే, యంత్రాలు కడిగి వేరుచేసే ఖర్చు ఎందుకని, అంతకుముందు నువ్వులు లేని బ్రెడ్డులో కూడా కాస్త నువ్వుపిండి కలిపి 'నువ్వులున్నాయి' అని రాసేశాయి. చట్టానికి లోటు లేదు. నువ్వులు పడనివాడికే తినడానికి బ్రెడ్డు లేకుండా పోయింది. కోమటి తెలివంటారు గాని, కార్పొరేటు తెలివి ముందు అదెంత!

నన్ను ఎక్కువ వెంటాడేది వేరే కేసు. 2014 జనవరిలో ఇంగ్లండులోని నార్త్ యార్క్‌షైర్‌లో ఒకాయన ఇండియన్ రెస్టారెంటు నుంచి చికెన్ టిక్కా మసాలా తెప్పించుకున్నాడు. నట్స్ వద్దని ముందే చెప్పాడు. డబ్బా మూత మీద 'నట్స్ లేవు' అని రాసి మరీ ఇచ్చారు. తిన్నాక చనిపోయాడు. బాదంపొడి ఖరీదని, యజమాని దాని బదులు వేరుశెనగ ఉన్న చవకరకం పొడి తెప్పిస్తున్నాడు. మూత మీద రాసిన చెయ్యికీ, సరుకు కొన్న చెయ్యికీ సంబంధం లేదు. యజమానికి 2016లో ఆరేళ్ళ జైలు పడింది. మన స్వీట్ షాపుల్లో పిస్తా అని ఆకుపచ్చ రంగేసిన పల్లీపలుకులు చల్లేవాళ్ళున్నారు. మనం దాన్ని కల్తీ అని తిట్టుకుని తినేస్తాం. అది కొందరికి విషం.

ఇక అసలు నా గొడవ. మన నిబంధనల ప్రకారం పొట్లం మీద వివరాలు ఇంగ్లీషులోనో, దేవనాగరి లిపి హిందీలోనో ఉంటే చాలు. తెలుగు వేస్తే కాదనరు, వెయ్యకపోయినా అడగరు. కాబట్టి వెయ్యరు. సినిమా తారలతో చేసే ప్రకటనంతా తెలుగే, 'కంటైన్స్ పీనట్' మాత్రం ఇంగ్లీషు. పిల్లలకి చిరుతిళ్ళు కొనిపెట్టేది మన ఇళ్ళల్లో ఎక్కువగా అమ్మమ్మలు, తాతయ్యలు. చదువురానివాళ్ళకి పొట్లం మీద సంగతి చెప్పడం మనకి చేతకాక కాదు. శాకాహారానికి ఆకుపచ్చ చుక్క పెట్టి ఇరవయ్యేళ్ళు దాటింది. కిరాణా కొట్లో సంతకం రాని ముసలమ్మ కూడా దాన్ని చూసే తీసుకుంటుంది. ఆచారం కోసం అంత చక్కటి గుర్తు కనిపెట్టినవాళ్ళం, ఊపిరి కోసం ఒక పల్లీకాయ బొమ్మ వెయ్యలేమా? ఒక గుడ్డు బొమ్మ, ఒక పాలగ్లాసు బొమ్మ, పక్కన తెలుగులో ఒక్క మాట.

మరో సంగతి కూడా చెప్పుకోవాలి. గొంతు బిగుసుకుంటున్నప్పుడు ఇంట్లో ఉన్న సిట్రిజిన్ మింగించి కూర్చోకూడదు. దద్దుర్లకి అది సరే, ఊపిరికి కావలసింది అడ్రినలిన్. విదేశాల్లో జేబులో పెట్టుకు తిరిగే ఆ పెన్ను మన మందుల షాపులో అడిగితే అంత తేలిగ్గా దొరకదు. అందుకే మా చెల్లెలు ఏ ఊరెళ్ళినా ముందు దగ్గర్లో ఆసుపత్రి ఎక్కడుందో చూస్తుంది, తర్వాతే బస సంగతి.

మొన్న ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. మా అమ్మ సంచిలోంచి బిస్కెట్ పొట్లం తీసి, ఆకుపచ్చ చుక్క మీద వేలు పెట్టి చూపిస్తూ, "నేను చూసే తెచ్చాన్రా, నువ్వు తినొచ్చు" అంది మనవడితో. వాడు పొట్లం తిరగేశాడు. అతుకు మడత కింద అక్షరాలు సగం దాక్కున్నాయి. గోటితో మడత లేపి, "అమ్మమ్మా, నీ కళ్ళజోడు ఒకసారి ఇస్తావా?" అన్నాడు.