విధానం ఢిల్లీలో, గ్రంథాలయం ఊళ్లో

జాతీయ సమాచార విధానం అనగానే కంప్యూటర్లు, నెట్‌వర్కులు గుర్తొస్తాయి. గ్రంథాలయం ఆఖరున వస్తుంది. ఇది సరికాదు. 1986లోనే కేంద్రం నియమించిన చట్టోపాధ్యాయ సంఘం గ్రంథాలయ, సమాచార వ్యవస్థకు జాతీయ విధానం రాసి ఇచ్చింది. అయితే రాజ్యాంగం ప్రకారం పౌర గ్రంథాలయాలు రాష్ట్ర జాబితాలోవి. ఢిల్లీ సిఫారసు చేయగలదు, ఊళ్లో తలుపు తెరిపించలేదు.

మనకు 1960 నాటి గ్రంథాలయ చట్టం ఉంది, ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల సెస్సూ ఉంది. జనం కట్టిన ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరకపోవడమే నా బాధ. పింఛను దరఖాస్తు ఎక్కడ పెట్టాలో, 2005 సమాచార హక్కు చట్టం కింద ఏం అడగవచ్చో విడమరిచి చెప్పే గ్రంథపాలకుడు, నా దృష్టిలో, జాతీయ సమాచార విధానానికి మొదటి ఉద్యోగి. గ్రంథపాలకుల పోస్టుల భర్తీ గురించీ, సెస్సు బకాయిల గురించీ ఈ సంచిక అడుగుతోంది. మీ జిల్లా సంగతులు రాసి పంపండి.