పటంలో కనిపించని రాజేంద్రనగర్

ఇటీవల మా విభాగంలో ఒక పరిశోధక విద్యార్థి సెమినార్‌లో రంగుల పటమొకటి ప్రదర్శించాడు. వేర్వేరు సంస్థల శాస్త్రవేత్తలు కలిసి పనిచేయడానికి తోడ్పడే కంప్యూటర్ వ్యవస్థలపై వెలువడిన వ్యాసాలను స్కోపస్ నుండి సేకరించి, వాస్‌వ్యూయర్ సాఫ్ట్‌వేర్‌తో గీసిన పటమది. పని శ్రద్ధగానే చేశాడు. కాని మేము కూర్చున్న రాజేంద్రనగర్ అందులో లేదు.

తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, వెతికిన మాటలది. ఇదే విషయాన్ని 2000 ప్రాంతంలో బ్రిటన్‌లో 'ఈ-సైన్స్' అన్నారు. 2003లో అమెరికాలో వెలువడిన ఒక నివేదిక 'సైబర్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్' అనే మాటకు ప్రాచుర్యం తెచ్చింది. మన సి-డాక్ 'గరుడ' పేరుతో నిర్మించినది 'గ్రిడ్'. ఆ తర్వాత అందరి నోటా 'క్లౌడ్'. వీటిలో ఒక్క మాటతో వెతికితే మిగిలినవి జారిపోతాయి. సేద్య శాస్త్రజ్ఞులమైతే ఈ మాటల్లో దేనినీ ఎక్కువగా వాడలేదు. 'బహుస్థల ప్రయోగం' అని రాసుకొని ఊరుకున్నాము.

అఖిల భారత సమన్వయ వరి అభివృద్ధి పథకం 1965లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైంది. ఒకచోట రూపొందిన వంగడాన్ని అనేక రాష్ట్రాల కేంద్రాలలో ఒకే విధానంలో నాటి, ఒకే పద్ధతిలో కొలిచి, ఫలితాలను ఏటా ఒకచోట చేర్చి చర్చిస్తారు. 1968లో విడుదలైన 'జయ' ఆ సమష్టి కృషి ఫలమే. సహకార విజ్ఞానానికి ఇంతకన్న మంచి ఉదాహరణ ఏముంటుంది? అయితే దాని చరిత్ర అధికభాగం వార్షిక నివేదికలలో ఉంది. వ్యాసాలను మాత్రమే లెక్కించే సూచికకు అవి కనిపించవు.

మాకు దక్షిణాన ఉన్న శంషాబాద్ విమానాశ్రయం నుండి వాతావరణ పరిశీలన ప్రతి అరగంటకూ వెలువడుతుంది. ప్రపంచమంతటా అదే సంకేత రూపం కనుక ఏ దేశపు పైలట్ అయినా దానిని చదవగలడు. అక్కడ అసలు బలం కంప్యూటర్‌ది కాదు, ఒడంబడికది. మనకు యంత్రాలు లేవనడం కూడా సరికాదు. ఢిల్లీలోని భారత వ్యవసాయ గణాంక పరిశోధన సంస్థలో 'అశోక' సూపర్ కంప్యూటర్ 2014లోనే ప్రారంభమైంది. లేనిది ఒకే రూపంలో రాసే అలవాటు.

కాబట్టి ఇటువంటి పటం గీసే విద్యార్థులు దాని కిందనే ఏ సూచికలో, ఏ తేదీన, ఏ మాటలతో వెతికారో రాయాలి. సమన్వయ పథకాల పేర్లతోనూ వెతకాలి. సిద్ధాంత గ్రంథాల కోసం 'కృషికోశ్' చూడాలి. ఎఫ్.ఏ.ఓ. వారి 'ఆగ్రోవోక్' పదకోశంలో తెలుగు పదాలు కూడా ఉన్నాయి. మన నివేదికలకు, ఈ పత్రికలోని తెలుగు వ్యాసాలకు ఆ పదాలనే సూచిక పదాలుగా ఇస్తే వెతికేవారికి దొరుకుతాయి. ఈ పని గ్రంథాలయాధికారి ఒక్కరిదే అనుకోవడం మన బద్ధకం.

నా అలమారలో కూడా సమన్వయ ప్రయోగాల నివేదికలు కట్టలుగా ఉన్నాయి. ముందుగా వాటిని స్కాన్ చేయించాలి. కొన్నింటి మొదటి పుటలను ఇప్పటికే చెదలు తిన్నాయి.