విహారమునకు కత్తి యేది?

సెలవులలో రంభ వద్ద చిలికా తీరమున గుడారములు వేసి చేపలు పట్టబోవు మన బాలురు తళతళలాడు మడతకత్తులకై ఉబలాటపడుచున్నారు. నాకది సమ్మతము గాదు. మడతకత్తికి కీలే బలహీనము. కట్టె చీల్చుచుండగా మూసికొని వ్రేళ్లను కోయును. నిరుడు మా వెంట వచ్చిన యొక బాలునికి అట్లే జరిగినది. పిడి చివరివరకు ఉక్కు దిగియున్న జానెడు కత్తి చాలును. కమ్మరి చేసిన కత్తి సానరాతిపై త్వరగా పదునెక్కును. అయితే ఉప్పునీటికి తుప్పు పట్టును గనుక, పని ముగియగనే మంచినీట కడిగి, తుడిచి, నూనె రాయవలెను. అంత యోపిక లేనివారు (నేనును వారిలో నొకడను) స్టెయిన్‌లెస్ స్టీలు కత్తి కొనుట మేలు. మొద్దుకత్తి మాత్రము వలదు. బలము పెట్టినకొలది జారి చేతిమీదికే వచ్చును. గాలమును చేపనోటినుండి వ్రేళ్లతో లాగరాదు. అందులకు కటింగు ప్లయరు వలయును. నేనైనచో కత్తికన్న ముందు దానినే సంచిలో వేయుదును.